రెండు మెనూలు, ఒక గీత: మగవాళ్ల లెక్కకీ హత్యల లెక్కకీ ముడిపెట్టే గ్రాఫ్ సర్వీసు మీద రివ్యూ

దేశాల లెక్కల మీద గ్రాఫులు గీసిపెట్టే ఆన్‌లైన్ సర్వీసు ఒకటి కొంతకాలంగా డబ్బు కట్టి వాడుతున్నాను. పేరు రాయను. ఇలాంటివి ఇంకో నాలుగైదు ఉన్నాయి, అన్నిటి జబ్బూ దాదాపు ఒకటే, కాబట్టి మీరు వాటిలో ఏది వాడుతున్నా ఈ రివ్యూ పనికొస్తుంది. వాడటం చాలా తేలిక. ఒక మెనూలో అడ్డం అక్షానికి ఏం కావాలో ఎంచుకుంటాం, ఇంకో మెనూలో నిలువు అక్షానికి ఎంచుకుంటాం, దేశానికో చుక్క చొప్పున తెర మీద పడిపోతాయి, మధ్యలోంచి ఒక గీత వస్తుంది, దాని కింద ఆ గీతకి అర్థం ఏంటో సర్వీసే రెండు వాక్యాల్లో రాసిపెడుతుంది. ఆ రెండు వాక్యాల దగ్గరే నాకు పేచీ.

దీన్ని పరీక్షించడానికి నేను పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: జనాభాలో మగవాళ్లు ఎక్కువైతే హింసాత్మక నేరాలు పెరుగుతాయా? ఎవరిని అడిగినా దీనికి జవాబు రెడీగా ఉంటుంది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం 2019లో వేసిన హత్యల నివేదిక చూస్తే హత్య కేసుల్లో అనుమానితులు 90 శాతం పైగా మగవాళ్లే. మరి మగవాళ్లు పెరిగితే హత్యలు పెరగవా, ఇందులో ఆలోచించేదేముంది అంటారు. కానీ అదే నివేదికలో చనిపోయినవాళ్లలో కూడా 81 శాతం మగవాళ్లే అని ఉంది. 2017లో ప్రపంచమంతా కలిపి హత్యకు గురైనవాళ్లు 4,64,000 మంది దాకా ఉన్నారు, అంటే లక్ష జనాభాకి 6.1. హత్య అనేది ఎక్కువగా మగవాళ్లు మగవాళ్లని చేసేది. ఈ సంగతి తర్వాత ఎందుకు ముఖ్యమో చెప్తాను.

అడ్డం అక్షంలో లింగ నిష్పత్తి (అంటే ఆడవాళ్లతో పోలిస్తే మగవాళ్లు ఎంతమంది), నిలువు అక్షంలో హత్యల రేటు పెట్టి బటన్ నొక్కితే గీత కిందికి వాలింది. అంటే మగవాళ్లు ఎక్కువున్న దేశాల్లో హత్యలు తక్కువ! కింద సర్వీసు వారి వ్యాఖ్యానం ఎంత ధీమాగా ఉందంటే, పురుషుల సంఖ్య పెరిగేకొద్దీ హత్యలు తగ్గుతాయట. తగ్గుతాయట! ఏదో ఒక దేశంలో మగవాళ్లని పెంచి చూసి తగ్గాయని తేల్చినట్టు రాసేశారు.

నిజానికి ఆ గ్రాఫ్‌లో కుడి చివర ఉన్నవి ఏ దేశాలో చుక్కల మీద మౌస్ పెట్టి చూస్తే చాలు, వ్యాఖ్యానం గాలి తీసేసినట్టు అయిపోతుంది. కతర్, యుఏఈ, బహ్రెయిన్, ఒమాన్, కువైట్. కతర్ జనాభాలో ఆడవాళ్లు నాలుగో వంతుకి కాస్త అటూ ఇటూ మాత్రమే ఉంటారు. అక్కడి మగవాళ్లలో ఎక్కువమంది పని కోసం వచ్చినవాళ్లు. వీసా ఉంటేనే ఉంటారు, చిన్న కేసు పడినా విమానం ఎక్కించి పంపించేస్తారు, చాలామంది తమ దేశంలో భార్యాపిల్లలు ఉన్నవాళ్లే, సంపాదించి పంపడానికే వచ్చారు. ఇలా ఏరి తెచ్చుకున్న మగవాళ్ల గుంపుకీ, ఒక దేశంలో పుట్టి పెరిగి పెళ్లి కుదరక మిగిలిపోయిన మగవాళ్లకీ పోలికే లేదు. సర్వీసుకి మాత్రం రెండూ ఒకే అంకె.

ఎడమ చివర, అంటే మగవాళ్లు తక్కువున్న వైపు, రష్యా, ఉక్రెయిన్, లాత్వియా, ఎల్ సాల్వడార్ లాంటివి ఉంటాయి. వీటిలో ప్రతిదానికీ మగవాళ్లు తక్కువ అవడానికి వేరువేరు కథ ఉంది. రష్యాలో 2010 జనగణన ప్రకారం వెయ్యి మంది మగవాళ్లకి 1,163 మంది ఆడవాళ్లు. చదివితే కుర్రవాళ్లకి కరువొచ్చిందేమో అనుకుంటాం, కానీ ఆ తేడాలో ఎక్కువ భాగం నడివయసులో, ఆ తర్వాత వచ్చేది, తాగుడు, గుండె జబ్బులు, ప్రమాదాల వల్ల అక్కడ మగవాళ్లు ఆడవాళ్లకంటే చాలా ముందే పోతారు. ఇరవైల్లో ఉన్నవాళ్లని మాత్రం లెక్కేస్తే రష్యాలో కూడా మగవాళ్లే ఒక పిసరు ఎక్కువ. ఎల్ సాల్వడార్‌లో వలస పోయినవాళ్లు కొందరు, గ్యాంగుల గొడవల్లో పోయినవాళ్లు కొందరు. అంటే ఇక్కడ హత్యలు కూడా మగవాళ్ల లెక్కని తగ్గించాయి, మగవాళ్లు తక్కువవ్వడం వల్ల హత్యలు రాలేదు. చనిపోయేవాళ్లలో 81 శాతం మగవాళ్లని పైన చెప్పింది ఇందుకే. గీత ఒకటే, కానీ ఏది ముందు, ఏది వెనక అన్నది గీత చెప్పదు. పైగా వ్యాఖ్యానం రాసినవాడు అది కూడా తెలిసినట్టే రాస్తాడు.

ఇక వయసు ఫిల్టర్ గురించి. ఈ సర్వీసులో అన్నిటికంటే విలువైనది ఇదే, దీన్ని తీసుకెళ్లి సెట్టింగుల్లో మూడో పొరలో దాచిపెట్టారు. హింసాత్మక నేరాలు ఎక్కువగా చేసేది పదహారు నుంచి ముప్పై లోపు వాళ్లు, ఇది దాదాపు అన్ని దేశాల్లోనూ కనిపించేదే. పుట్టుకలో సహజంగానే వంద మంది ఆడపిల్లలకి సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు, తర్వాత ప్రతి వయసులోనూ మగవాళ్లే కాస్త ఎక్కువగా చనిపోతూ ఉంటారు కాబట్టి వృద్ధుల్లో లెక్క తిరగబడుతుంది. అందుకే మొత్తం జనాభా నిష్పత్తి అనేది సగం ఆ దేశంలో ముసలివాళ్లు ఎంతమంది అన్నదాన్నే కొలుస్తుంది. డెబ్బై ఏళ్ల బామ్మలు ఎక్కువున్నారా లేదా అన్నదాన్ని బట్టి వీధిలో కత్తిపోట్లు ఎందుకు మారతాయి? ఫిల్టర్‌లో 15 నుంచి 29 పెట్టగానే రష్యా, ఉక్రెయిన్, లాత్వియా ఎడమ చివర నుంచి జరిగి మధ్యలోకి వచ్చేస్తాయి, గీతకి ఎడమ పక్కన ఉన్న ఆధారం సగం పోతుంది. గల్ఫ్ దేశాలు మాత్రం కుడి పక్కనే ఉండిపోతాయి. వాటిని తీసేసే బటన్ ఉంది, తీసేసి చూడండి, మిగిలిన చుక్కల్లో మీకు ఏ గీత కావాలంటే ఆ గీత ఊహించుకోవచ్చు.

ఏళ్ల స్లైడర్‌కి మాత్రం పూర్తి మార్కులు. చుక్కలు ఏడాదేడాదికీ ఎలా కదులుతున్నాయో చూపిస్తుంది, తోకతో సహా. ఇక్కడ కళ్లు తెరిపించే సంగతి ఏంటంటే చుక్కలు పైకీ కిందికీ గంతులేస్తాయి కానీ పక్కలకి కదలవు. అమెరికాలో హత్యల రేటు 1991లో లక్షకి 9.8 ఉండేది, 2014కి అందులో సగం కంటే తగ్గింది, లింగ నిష్పత్తి మాత్రం దాదాపు అలాగే ఉంది. రష్యాలో 2000 తర్వాత మొదటి ఏళ్లలో లక్షకి 30 దగ్గర ఉండి తర్వాత బాగా పడిపోయింది. ఎల్ సాల్వడార్‌లో 2015లో లక్షకి 100 దాటింది, 2022లో మూకుమ్మడి అరెస్టులు మొదలయ్యాక ప్రభుత్వ లెక్కల్లో పది లోపుకి దిగిపోయింది. జనాభా కూర్పు తాబేలు నడకలా మారుతుంది, హత్యలు అయిదారేళ్లలో తారుమారవుతాయి. నెమ్మదిగా మారేది వేగంగా మారేదానికి ఏకైక కారణం కాలేదు, మహా అయితే వెనకాల నేపథ్యంగా ఉండి కొంత తోయగలదు. స్లైడర్ ఒక్కసారి అటూ ఇటూ జరిపితే ఇది అర్థమైపోతుంది, దీని కోసమే నేను మొదటి నెల డబ్బు కట్టినందుకు బాధపడలేదు.

డబ్బు కట్టినవాళ్లకి రాష్ట్రాలు, జిల్లాలు, ప్రావిన్సుల స్థాయి లెక్కలు కూడా ఇస్తారు. అసలు విషయం ఇక్కడే చిక్కగా ఉంటుంది, ఎందుకంటే ఒకే దేశం లోపల చట్టం చాలావరకు ఒకటే, పోలీసు లెక్కలు రాసే పద్ధతి దాదాపు ఒకటే, కాబట్టి పోలిక కొంచెం న్యాయంగా ఉంటుంది. కానీ ఇందులో పెద్ద తప్పు ఒకటి దొరికింది. భారత జనగణన లింగ నిష్పత్తిని వెయ్యి మంది పురుషులకి ఎంతమంది స్త్రీలు అని రాస్తుంది, 2011లో అది 943. అంతర్జాతీయ పట్టికలు చాలావరకు వంద మంది స్త్రీలకి ఎంతమంది పురుషులు అని రాస్తాయి. ఒకదాంట్లో అంకె పెరిగితే ఆడవాళ్లు ఎక్కువని, ఇంకోదాంట్లో మగవాళ్లు ఎక్కువని. ఈ సర్వీసు రెండిటినీ ఒకే పేరుతో ఒకే మెనూలో పెట్టింది! భారత జిల్లాల గ్రాఫ్‌నీ చైనా ప్రావిన్సుల గ్రాఫ్‌నీ పక్కపక్కన పెడితే గీతలు ఒకటి పైకీ ఒకటి కిందికీ కనిపిస్తాయి, చూసినవాడు రెండు దేశాల్లో వ్యవహారం పూర్తిగా వ్యతిరేకం అనుకుంటాడు. నిజానికి రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి. మెయిల్ రాశాను, మూడు వారాల తర్వాత అక్షం కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక చేర్చారు. మెనూలో పేరు మాత్రం ఇంకా అదే.

అంకెల దిశ సరిచేసుకుని చూస్తే భారత జిల్లాల గ్రాఫ్ నిజంగా ఆసక్తికరం. జాన్ ద్రెజ్, రీతికా ఖేరా కలిసి 2000లో ఒక పరిశోధన వేశారు, 1981 నాటి జిల్లాల లెక్కలతో. ఆడవాళ్ల నిష్పత్తి ఎక్కువున్న జిల్లాల్లో హత్యలు తక్కువ అని తేలింది. పేదరికానికీ, పట్టణీకరణకీ హత్యలతో గట్టి సంబంధం కనిపించలేదు, అక్షరాస్యత మాత్రం హత్యలని కాస్త తగ్గించే వైపు ఉంది. ఇక్కడ మనం వెంటనే పెళ్లికాని కుర్రాళ్లు, నిరాశ, కొట్లాటలు అని కథ అల్లేస్తాం. కానీ అంతకు ముందే, 1992లో, ఫిలిప్ ఓల్డెన్‌బర్గ్ అనే ఆయన ఉత్తరప్రదేశ్ జిల్లాలు చూసి వేరే దారి చూపించాడు. కక్షలు, భూమి తగాదాలు ఎక్కువున్న చోట ఇంటికి మగబలం కావాలి అనుకుంటారు, అందుకే కొడుకులు కావాలని కోరుకుంటారు, ఆడపిల్లల్ని పట్టించుకోరు, అలా నిష్పత్తి పడిపోతుంది అన్నది ఆయన ఊహ. అంటే హింస ముందు, నిష్పత్తి తర్వాత. ఇంకో మూడో దారి కూడా ఉంది, ఆడపిల్లని భారంగా చూసే పద్ధతీ, మాటకి ముందు చెయ్యి లేచే పద్ధతీ ఒకే వేరు నుంచి వచ్చి ఉండొచ్చు, ఒకదానివల్ల ఒకటి కాకుండా. మూడు దారులూ గ్రాఫ్ మీద సరిగ్గా ఒకేలాంటి గీత ఇస్తాయి.

తర్వాత 2014లో స్కాట్ సౌత్, కేథరిన్ ట్రెంట్, సునీతా బోస్ చేసిన పని నాకు ఎక్కువ నచ్చింది. వాళ్లు పోలీసు రికార్డులు నమ్ముకోలేదు. 2004–05లో ఇంటింటికీ తిరిగి చేసిన భారత మానవాభివృద్ధి సర్వేలో, మీ ఇంట్లో దొంగతనం జరిగిందా, ఎవరైనా చొరబడ్డారా, దాడి చేశారా అని అడిగిన జవాబులు తీసుకుని, జిల్లాలో 15 నుంచి 39 ఏళ్ల మధ్యవాళ్ల నిష్పత్తితో పోల్చారు. మగవాళ్లు ఎక్కువున్న జిల్లాల్లో మూడూ ఎక్కువే, అయితే ప్రభావం చిన్నది. పెళ్లికాని అమ్మాయిల్ని వేధిస్తున్నారు అని చెప్పినవాళ్లు కూడా అలాంటి జిల్లాల్లో ఎక్కువ. చిన్నది అన్న ఆ మాట ముఖ్యం. ఉంది, కానీ చిన్నది. మన సర్వీసు వ్యాఖ్యానంలో ఎప్పుడైనా చిన్నది అన్న మాట చూశానా అని వెతికాను, బలమైన, మధ్యస్థ, బలహీన అన్న మూడు ముద్రలే ఉన్నాయి, అవి కూడా చుక్కలు గీతకి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పేవే తప్ప, నిష్పత్తి ఒక మెట్టు పెరిగితే నేరం ఎంత మారుతుందో చెప్పేవి కావు.

చైనా లెక్కలకి ఈ సర్వీసులో ఒక మంచి సదుపాయం ఉంది, ఏళ్లని జరిపి పోల్చడం. అంటే అడ్డం అక్షంలో ఇరవై ఏళ్ల కిందటి పుట్టుకల నిష్పత్తి, నిలువు అక్షంలో ఇప్పటి నేరాలు. ఈ రోజు పుట్టిన పిల్లాడు ఈ రోజు నేరం చెయ్యడు కదా. చైనాలో ఒకే బిడ్డ విధానం 1979–80లో మొదలై దేశమంతా పరుచుకుంది, కొడుకు కావాలనే కోరిక, దానికి తోడు అల్ట్రాసౌండ్ వచ్చాక పుట్టుకల నిష్పత్తి 2000 జనగణన నాటికి వందకి 117 దగ్గరికి పోయింది. లీనా ఎడ్లండ్, ఇంకా ముగ్గురు కలిసి 2013లో ప్రచురించిన పరిశోధనలో ప్రావిన్సుల వారీగా, ఏళ్ల వారీగా చూస్తే, 16 నుంచి 25 ఏళ్లవాళ్లలో మగవాళ్ల నిష్పత్తి 1 శాతం పెరిగితే నేరాలు సుమారు 3.4 శాతం పెరిగాయని వచ్చింది. ఆ కాలంలో పెరిగిన నేరాల్లో ఏడో వంతుకి ఇది లెక్క చెప్తుందట. ఏడో వంతు అంటే తక్కువేం కాదు, కానీ మిగతా ఆరు వంతులకి వేరే కారణాలు, ఊళ్లొదిలి నగరాలకి పోయిన కోట్ల మంది, డబ్బు తేడాలు, ఇలాంటివి చూసుకోవాలి. ఈ అంకె ఒక్కదాన్నే పట్టుకుని మగవాళ్ల మిగులు వల్లే చైనాలో నేరాలు అని చెప్పేవాళ్లు ఏడో వంతు అన్న మాట దగ్గర ఆగరు.

2019లో లీసా కామెరాన్ బృందం ఇంకొంచెం లోపలికి వెళ్లింది. జైల్లో ఉన్నవాళ్లనీ, వాళ్లలాంటివాళ్లే అయినా బయట ఉన్నవాళ్లనీ ప్రశ్నలతో, చిన్న ప్రయోగాలతో పోల్చింది. నిష్పత్తి ఎక్కువున్న చోటు నుంచి వచ్చినవాళ్లలో తెగింపు, ఓపిక లేకపోవడం కాస్త ఎక్కువే, కానీ అసలు దారి డబ్బు అని తేలింది. పెళ్లి కావాలంటే చేతిలో డబ్బు కనిపించాలి, పిల్లనిచ్చేవాళ్లకి ఎంచుకునే అవకాశం ఎక్కువైంది, ఆ ఒత్తిడిలో డబ్బు తెచ్చే నేరాల వైపు వెళ్లారు. అంటే మనం హింస అనుకున్నదాంట్లో పెద్ద వాటా దొంగతనం, మోసం లాంటిదన్నమాట. సర్వీసులో చైనా ప్రావిన్సులకి ఉన్నది మొత్తం నేరాలు అన్న ఒకే ఒక్క వరస. దాన్ని హింసాత్మక నేరాలు అన్న విభాగం కింద ఎందుకు పెట్టారో వాళ్లకే తెలియాలి.

అదే జరుపుడు సదుపాయంతో దక్షిణ కొరియా పెట్టి చూడండి. 1990లో అక్కడ పుట్టుకల నిష్పత్తి 116 దాటింది, తర్వాత తగ్గుతూ 2007 ప్రాంతానికి మామూలు స్థాయికి వచ్చింది. ఆ 1990 పిల్లలు 2010 తర్వాత కుర్రాళ్లయ్యారు. హత్యల రేటు మాత్రం లక్షకి ఒకటి చుట్టుపక్కలే, అది కూడా తగ్గే దారిలో. కుర్రాళ్లు మిగిలినంత మాత్రాన కత్తులు పట్టుకోరు, ఉద్యోగం, చదువు, పోలీసు, తుపాకులు దొరక్కపోవడం, ఇవన్నీ మధ్యలో నిలబడతాయి అని చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టలేదు. ఈ గ్రాఫ్‌ని చాలా మందికి పంపాను.

ఇక అమెరికా కౌంటీల (మన జిల్లాల్లాంటివి) భాగం. ఇది చూశాక నేను సర్వీసుని మెచ్చుకోవాలో తిట్టుకోవాలో తెలియలేదు. ఇక్కడ గీత మళ్లీ తిరగబడుతుంది, మగవాళ్లు తక్కువున్న కౌంటీల్లో హత్యలు, దాడులు ఎక్కువ. ఇది సర్వీసు పొరపాటు కాదు, రయన్ షాక్ట్ బృందం 2016లో అమెరికా కౌంటీలు తీసుకుని చేసిన పరిశోధనలో కూడా అలాగే వచ్చింది. వాళ్ల వివరణ ఏంటంటే మగవాళ్లు తక్కువైతే వాళ్ల గిరాకీ పెరుగుతుంది, ఒకరితో కుదురుగా ఉండి సంసారం చెయ్యాల్సిన అవసరం తగ్గుతుంది, మగవాళ్ల మధ్య పోటీ, జులాయితనం పెరుగుతాయి. ఎక్కువైతే మాత్రం దొరికిన భాగస్వామిని కాపాడుకోవడానికి బుద్ధిగా ఉంటారు. ఈ ఆలోచనకి మూలం 1983లో మార్సియా గటెన్‌టాగ్, పాల్ సెకోర్డ్ చెప్పిన సిద్ధాంతం. వినడానికి బాగానే ఉంది, చైనా కథ కూడా వినడానికి బాగానే ఉంది, రెండూ ఒకదానికొకటి ఎదురు.

ఈ చిక్కుని 1991లోనే స్టీవెన్ మెస్నర్, రాబర్ట్ శాంప్సన్ పట్టుకున్నారు, నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే తెలివైన పని అదే. అమెరికా పెద్ద నగరాలు తీసుకుని ఏం చూపించారంటే, మగవాళ్లు ఎక్కువైతే నేరం చెయ్యగలిగే మనుషులే ఎక్కువవుతారు కాబట్టి హింస పైకి పోతుంది, అదే సమయంలో మగవాళ్లు ఎక్కువైతే పెళ్లిళ్లు నిలబడతాయి, తండ్రి ఉన్న ఇళ్లు ఎక్కువవుతాయి, దానివల్ల హింస కిందికి వస్తుంది. రెండు శక్తులు ఎదురెదురుగా లాగుతూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే ఊరికే రెండు అక్షాల గ్రాఫ్ గీస్తే సంబంధం లేదు అన్నట్టు కనిపిస్తుంది, లేదా ఆ చోట ఏ శక్తి గట్టిదైతే అటు వాలుతుంది. ఇప్పుడు చెప్పండి, రెండు మెనూలు ఒక గీత తప్ప ఇంకేం లేని సర్వీసు దీన్ని ఎలా చూపిస్తుంది? మూడో అంశాన్ని చుక్క సైజుగానో రంగుగానో పెట్టుకోవచ్చు, అంతవరకే. దాన్ని లెక్కలోకి తీసుకుని గీతని మళ్లీ గీయదు. ఈ ఒక్క సదుపాయం ఉంటే రేటింగ్‌లో ఇంకో రెండు మార్కులు ఇచ్చేవాణ్ణి.

కౌంటీల గ్రాఫ్‌లో జైళ్ల గొడవ ఒకటి ఉంది, ఇది చాలా మందికి తెలియదు. అమెరికా జనగణన ఖైదీల్ని వాళ్ల సొంత ఊళ్లో కాదు, జైలు ఉన్న చోట లెక్కేస్తుంది. పెద్ద జైలు ఉన్న చిన్న పల్లె కౌంటీలో కాగితం మీద మగవాళ్లు విపరీతంగా ఉంటారు, అందరూ గోడ లోపలే, బయట ప్రశాంతంగా ఉంటుంది. అదే మగవాళ్లు ఏ నగరపు వాడ నుంచి వచ్చారో అక్కడ మగవాళ్లు తక్కువ, నేరాలు ఎక్కువ. అంటే ఇక్కడ నేరం, దాని తర్వాత శిక్ష కలిసి నిష్పత్తిని తయారుచేస్తున్నాయి. సర్వీసులో జైళ్లున్న కౌంటీలని పక్కన పెట్టే ఫిల్టర్ లేదు, సైనిక స్థావరాలున్నవాటికీ లేదు. గ్రాఫ్‌లో కుడి కింద మూలలో గుంపుగా పడి ఉన్న చుక్కల మీద మౌస్ పెట్టి ఆ కౌంటీల్లో ఏముందో వెతికి చూడండి, సరదాగా ఉంటుంది.

నేరం రకం మెనూ గురించి తొందరగా చెప్పేస్తాను. హత్య తప్ప మిగతావి దేశాల మధ్య పోల్చడానికి వాడకండి. శవం దొరికితే దాదాపు ఏ దేశమైనా లెక్కేస్తుంది, కానీ అత్యాచారం, దాడి అలా కాదు. స్వీడన్‌లో ఒకే మనిషి మీద పదిసార్లు జరిగితే పది నేరాలుగా రాస్తారు, చట్టంలో నిర్వచనం కూడా విశాలం. ఫిర్యాదు చెయ్యడానికే భయపడే దేశంలో అంకె చిన్నగా ఉంటుంది, అది మంచి దేశమని కాదు. ఈ సర్వీసు హెచ్చరిక లేకుండా ప్రపంచ అత్యాచారాల పటం గీసిస్తుంది, ఇది నిజంగా బాధ్యత లేని పని. హత్యల్లో కూడా ఆడవాళ్లవి వేరుగా చూడండి, ఆ వరస ఉంది. 2017లో చంపబడిన స్త్రీలు 87,000 మంది, వాళ్లలో 50,000 మందిని చంపింది భర్త, ప్రియుడు లేదా కుటుంబంలోవాళ్లే. వీధిలో మిగిలిపోయిన కుర్రాళ్ల సిద్ధాంతం ఇంట్లో జరిగే ఈ చావులకి ఏం చెప్తుంది? ఏం చెప్పదు.

పాత కాలం లెక్కలు లేకపోవడం ఇంకో లోటు. 1960 నుంచే మొదలవుతుంది. ఈ విషయంలో గట్టి సాక్ష్యం పాతదే. 1849 బంగారు వేటలో కాలిఫోర్నియాకి పరిగెత్తినవాళ్లు, 1850 జనగణనలో అక్కడ పది మందిలో తొమ్మిది మంది పైగా మగవాళ్లే, తాగుడు, తుపాకులు, గొడవలు సంగతి తెలిసిందే. 1788 నుంచి 1868 వరకు బ్రిటన్ ఆస్ట్రేలియాకి పంపిన ఖైదీల్లో మగవాళ్లు ఆడవాళ్లకి అయిదు రెట్ల పైన. అప్పుడు మగవాళ్లు మరీ ఎక్కువున్న ప్రాంతాల్లో ఇప్పటికీ హింస, బడిలో ఏడిపించడం, మగవాళ్ల ఆత్మహత్యలు ఎక్కువని పౌలీన్ గ్రోజాన్ వాళ్ల పరిశోధన. నిష్పత్తి ఎప్పుడో సరైపోయినా అలవాట్లు మిగిలాయి అంటారు వాళ్లు. ఇది నిజమైతే ఈ ఏటి నిష్పత్తిని ఈ ఏటి నేరాలతో పోల్చే గ్రాఫులన్నీ అసలు సంగతిని చూడకుండానే పోతున్నట్టు.

మిగతా వాడకం సంగతులు: వెబ్‌సైట్ వేగం బాగుంది, ఫోన్‌లో మాత్రం చుక్కల మీద వేలు పెడితే పక్క దేశం వస్తుంది. ఒక ఏడాది లెక్క లేకపోతే చెప్పకుండా దగ్గరి ఏడాది అంకె వేసేస్తుంది, చిన్న దేశాల్లో ఇది పదేళ్ల పాతది కూడా కావొచ్చు, డౌన్‌లోడ్ చేసిన ఫైల్ తెరిస్తే గానీ తెలియదు. జనాభా లెక్క ప్రకారం బరువు ఇచ్చే బటన్ లేదు కాబట్టి కొన్ని లక్షల జనం ఉన్న ద్వీపం, చైనా రెండూ గీతని సమానంగా లాగుతాయి. ఫైల్ డౌన్‌లోడ్ శుభ్రంగా ఉంటుంది, అది మెచ్చుకోవాల్సిందే.

రేటింగ్ అయిదుకి మూడు. స్లైడర్‌కి ఒకటి, వయసు ఫిల్టర్‌కి ఒకటి, ఏళ్లు జరిపే సదుపాయానికి ఒకటి. ఎవరైనా మగవాళ్లు ఎక్కువైతే ఇలా అవుతుంది అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ ముక్క తప్పని పది నిమిషాల్లో చూపించడానికి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది, మీరే ఏదైనా నిరూపించాలంటే మాత్రం ఫైల్ దించుకుని వేరే సాఫ్ట్‌వేర్‌లో లెక్క వేసుకోక తప్పదు. పరీక్షకి చదివేవాళ్లు, వార్తలు రాసేవాళ్లు గ్రాఫ్ కింద ఉన్న వ్యాఖ్యానాన్ని ఎత్తి పేస్ట్ చెయ్యొద్దు. దాన్ని ఆపేసే బటన్ పెట్టమని అడిగాను, పరిశీలిస్తాం అన్నారు. ఏడాది ప్లాన్ కట్టకండి, జిల్లాల లెక్కలు దించుకోవడానికి ఒక నెల ప్లాన్ సరిపోతుంది, ఆ నెల దాటాక తనంతట తానే డబ్బు కోసే ఆప్షన్ ముందే తీసేయండి.